కుండలో నీళ్ళు ఎవరు తాగారు?

ఇంట్లో ఏదైనా వస్తువు కనబడకపోతే మన అనుమానం ముందు పనిమనిషి మీదికి పోతుంది. ఆ తరవాత పిల్లల మీదికి. రెండు రోజులు పోయాక ఆ వస్తువు మనం పెట్టిన చోటే, మన దిండు కిందే దొరుకుతుంది. అప్పటికి అనవలసిన మాటలూ, అనకూడని మాటలూ అన్నీ అనేసి వుంటాం. వస్తువు దొరుకుతుంది గాని, అన్న మాట వెనక్కి రాదు గదా!

ఈ వారం చెప్పబోయేది అలాంటి సంగతే. అయితే పోయింది ఉంగరమూ కాదు, వెండి గ్లాసూ కాదు. ఇంటర్నెట్టు.

మా వీధి చివరింట్లో రిటైరైన లెక్కల మేష్టారొకరున్నారు. వాళ్ళింటికి ఇంటర్నెట్టు తీగె లేదు. ఆయన సెల్‌ఫోనుకు రోజుకు 2 జీబీ డేటా వచ్చే ప్లాను వుంది. ఆ ఫోనులోంచే హాట్‌స్పాట్ పెట్టి కంప్యూటరుకు అందిస్తారు. దాని మీద మేష్టారు పొద్దున్నే పేపరు చూసుకుంటారు. ఆదివారం నాడు మామ్మగారు అమెరికాలో వున్న కొడుకుతో మాట్లాడుతారు. బ్యాంకు పరీక్షలకు చదువుకోవడానికి అమ్మమ్మ దగ్గరికి వచ్చిన మనవరాలు పాఠాలు వింటుంది. ముగ్గురికీ చాలినంత డేటాయే.

చాలినంతే గాని, ఈ మధ్య చాలటం మానేసింది. పొద్దున్న ఎనిమిదింటికి కంప్యూటరు తెరిస్తే పదింటికల్లా ‘ఈ రోజుటి డేటా అయిపోయింది’ అని ఫోనుకు కబురొస్తుంది. అక్కడి నుంచి ఇంటర్నెట్టు పూర్తిగా ఆగిపోదు గాని, వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆ వేగంతో ఒక్క మెగాబైటు రావడానికి రెండు నిమిషాలు దాటుతుంది. 3 మెగాబైట్ల ఫోటో ఒకటి రావడానికి ఆరు నిమిషాలు. ఇక పాఠం వినడమనే మాట ఎక్కడిది?

మేష్టారు లెక్క వేశారు. “నేను చూసేది పేపరు. దానికి పావు జీబీ కూడా కాదు. మీ మామ్మ మాట్లాడేది వారానికోసారి. ఇక మిగిలింది ఎవరు?” మిగిలింది మనవరాలు. “పాఠాల పేరు చెప్పి సినిమాలు చూస్తోంది” అని తేల్చేశారు. తేల్చి వూరుకున్నారా అంటే, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు వాళ్ళముందే ఆ మాట అన్నారు. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి పుస్తకాలు పట్టుకుని స్నేహితురాలింటికి పోయి చదువుకుంటోంది. ఇంట్లో అన్నం దగ్గర కూడా తాతయ్యతో మాట్లాడటం లేదు.

ఇంతవరకూ వచ్చాక మేష్టారు నా దగ్గరికొచ్చారు.

“అమ్మాయ్, కంప్యూటర్లో ఎవరెవరు ఏమేం చూస్తున్నారో చెప్పే ప్రోగ్రాము మంచిదొకటి చూసి చెప్పు. వెల గురించి ఆలోచించకు” అన్నారు.

“మేష్టారూ, ఒక్క మాట. నిన్న మీ మనవరాలు ఇంట్లో లేదు కదా. నిన్న డేటా ఎన్నింటికి అయిపోయింది?” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “పదిన్నరకి” అన్నారు మెల్లిగా.

బడిలో నలభయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. కోపంలో ఆ ఒక్క లెక్కా చూసుకోలేదు.

మేష్టారు అడిగిన ప్రశ్న చాలా ఇళ్ళలో అడుగుతున్నారు గనక కాస్త వివరంగా చెబుతాను. ఈ బాపతు ప్రోగ్రాములు రెండు జాతులు. ఒక జాతి మనుషుల మీద కన్నేసేవి. ఎవరు ఏ అక్షరం కొట్టారు, తెర మీద ఏం కనబడింది, అన్నీ రాసి పెడతాయి. పెద్దవాళ్ళు వాడుకునే కంప్యూటర్లో అలాంటివి చెప్పకుండా పెట్టడం, ఒకరి ఉత్తరం ఒకరు చించి చదవటం వంటిదే. పైగా అలా రాసి పెట్టినదంతా, అందులో మన బ్యాంకు రహస్య సంకేతాలు కూడా, ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. రెండో జాతి యంత్రం మీద కన్నేసేవి. కంప్యూటర్లో వున్న ఏ ప్రోగ్రాము ఎంత డేటా తెచ్చుకుంటోంది, ఎంత పంపుతోంది, ఎక్కడికి పంపుతోంది అనే మూడు ముక్కలే ఇవి చెబుతాయి. కరెంటు మీటరు లాంటివన్నమాట. మనకు కావలసింది ఈ మీటరు.

మీటర్లలోనూ బోలెడు రకాలున్నాయి. ఏది ఎన్నుకోవాలో తెలియాలంటే ముందు మన ప్రశ్న ఏమిటో మనకు తెలియాలి. ‘ఎంత అయింది?’ అనేది ఒక ప్రశ్న. ‘ఎవరు వాడారు?’ అనేది రెండోది. ‘ఎక్కడికి పోతోంది?’ అనేది మూడోది. మొదటి రెండు ప్రశ్నలకయితే మీరు కొత్తగా ఏదీ తెచ్చుకోనక్కర్లేదు. విండోస్ కంప్యూటర్లో ఆ మీటరు ముందే వుంది.

మేష్టారి వెంట వాళ్ళింటికి వెళ్ళి, ఆయన చేతే తెరిపించాను. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’, అందులో ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’, అందులో ‘డేటా యూసేజ్’. విండోస్ 10లో కూడా నెట్‌వర్కు సెట్టింగుల్లోనే ‘డేటా యూసేజ్’ అనే పేరుతో వుంటుంది. (విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతున్నవాళ్ళు మారే ఆలోచన చేయడం మంచిది.) అక్కడ మన కనెక్షను పేరు ఎంచుకుంటే, గడచిన 30 రోజుల్లో ఏ ప్రోగ్రాము ఎంత వాడిందో వరసగా, పెద్దది పైన, చిన్నది కింద చూపిస్తుంది.

పాఠాలు వినేదీ, పేపరు చదివేదీ, సినిమా చూస్తే అది కూడా చూసేదీ బ్రౌజరులోనే. మేష్టారి అనుమానం నిజమైతే బ్రౌజరు అన్నిటికన్నా పైన వుండాలి. మంచి స్పష్టతతో సినిమా చూస్తే గంటకు 1 నుంచి 3 జీబీ దాకా ఖర్చవుతుంది మరి. తీరా చూస్తే బ్రౌజరు వాడింది నెలకు 11 జీబీ. దానికన్నా పైన ఇంకో పేరుంది. దాని వాడకం 42 జీబీ. ఫోటోలూ, ఫైళ్ళూ ఎక్కడో దూరాన వున్న పెద్ద కంప్యూటర్లలో దాచిపెట్టే ప్రోగ్రాము అది.

“ఇదెవరు?” అన్నారు మేష్టారు, ఇంట్లో కొత్త మనిషిని చూసినట్లు.

అయినా అంతటితో తీర్పు చెప్పకూడదు. నెలలో ఎప్పుడు వాడిందో ఏమో. ఇప్పుడు ఏం చేస్తోందో చూడాలి. దానికీ కంప్యూటర్లోనే సాధనం వుంది. స్టార్టు మెనూలో ‘రిసోర్స్ మానిటర్’ అని టైపు చేస్తే వస్తుంది. అందులో ‘నెట్‌వర్క్’ అనే పుట తెరిస్తే, ప్రతి ప్రోగ్రాముకూ ఎదురుగా సెకనుకు ఎన్ని బైట్లు పంపుతోంది, ఎన్ని అందుకుంటోంది అని రెండు అంకెలుంటాయి. ఇంట్లో అందరూ తెచ్చుకోవడం గురించే ఆలోచిస్తారు గాని పంపడం కూడా డేటాయే సుమా. రెండూ కలిపే మన కోటాలోంచి తీసేస్తారు.

ఆ సమయంలో బ్రౌజరు మూసి వుంది. మేమిద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఆ దాచిపెట్టే ప్రోగ్రాము మాత్రం సెకనుకు 250 కిలోబైట్ల చొప్పున పంపుకుంటూ పోతోంది.

మేష్టారు కాగితం తీసుకున్నారు. గంటకు 3,600 సెకన్లు. ఎనిమిది నుంచి పది దాకా 7,200. దాన్ని 250తో గుణిస్తే 18 లక్షల కిలోబైట్లు. అంటే 1.8 జీబీ. కలం పక్కన పెట్టి కాసేపు ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నారు.

అంకెల సంగతి వచ్చింది గనక ఒక చిక్కు చెబుతాను. కొన్ని సాధనాలు బిట్లలో చెబుతాయి, కొన్ని బైట్లలో. 8 బిట్లయితే ఒక బైటు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే వచ్చే ‘టాస్క్ మేనేజర్’ నెట్‌వర్కు వేగాన్ని మెగాబిట్లలో చూపిస్తుంది. రిసోర్స్ మానిటర్ బైట్లలో చూపిస్తుంది. ఇంటర్నెట్టు అమ్మేవాళ్ళు చెప్పే వేగం కూడా బిట్లలోనే. వంద మెగాబిట్ల కనెక్షను అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లన్నమాట. ఇది తెలియక ‘చెప్పినదాంట్లో ఎనిమిదో వంతే ఇస్తున్నారు’ అని పోట్లాటకు దిగినవాళ్ళను నేనెరుగుదును.

సరే, ఆ ప్రోగ్రాము ఏమిటి పంపుతోంది? తెరిచి చూస్తే, మేష్టారి చిన్నమ్మాయి పెళ్ళి వీడియోలు, ఫోటోలు. మొత్తం 60 జీబీ. అక్కడికి చేరింది 42. ఇంకా వుంది. ఆ గూట్లో అవి ఎవరు పెట్టారని అడిగాను.

మామ్మగారు వంటింట్లోంచి జవాబు చెప్పారు. “ఇంకెవరు? ఈయనే. పెన్‌డ్రైవు పాడైపోతే పెళ్ళంతా పోతుందని గాభరా పడిపోయి, పండక్కి వచ్చినప్పుడు అబ్బాయి ఏర్పాటు చేసిన ఆ గూట్లో పెట్టేశారు. ‘అందులో పెడితే భద్రం నాన్నా’ అని వాడన్నాడుట.”

కొడుకు చెప్పింది అబద్ధం కాదు. అందులో పెడితే భద్రమే. అమెరికాలో వాడింట్లో కనెక్షనుకు రోజువారీ కోటా లేదు గనక, ఇక్కడ 2 జీబీ కుండలోంచి 60 జీబీ తోడాల్సి వస్తుందని వాడికి తోచలేదు. మేష్టారికి అది తెలియలేదు. పెట్టిన రోజు నుంచి లెక్క చూస్తే ఇరవై నాలుగు రోజులు. డేటా తరగటం మొదలై కూడా సరిగ్గా అన్ని రోజులే.

చేయవలసింది అక్కడికక్కడే చేశాం. ఆ ప్రోగ్రామును ఆపి వుంచాం. పెళ్ళి ఫైళ్ళను విడిగా వున్న హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, ఆ తరవాతే గూట్లోంచి తీశాం. ఈ వరస ముఖ్యం. ఎందుకంటే ఇలాంటి గూళ్ళలో ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. ఆఖరున ఆ హాట్‌స్పాట్ కనెక్షను తాలూకు సెట్టింగుల్లో ‘మీటర్డ్ కనెక్షన్’ అనేది వుంటే అది పెట్టించాను. ‘ఇక్కడ డేటా కొలిచి వాడుకోవాలి’ అని కంప్యూటరుకు చెప్పటమన్నమాట. అలా చెబితే విండోస్ తన అప్‌డేట్లను చాలామటుకు వాయిదా వేసుకుంటుంది. మరికొన్ని ప్రోగ్రాములు కూడా మర్యాద పాటిస్తాయి. ఇంకొక సంగతి. విండోస్‌లో ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ అని ఒకటుంది. మన కంప్యూటరు తెచ్చుకున్న అప్‌డేటు ముక్కలను ఇతరుల కంప్యూటర్లకు పంచే ఏర్పాటు అది. కోటా కనెక్షను వున్నవాళ్ళు అది ఎలా వుందో ఒకసారి చూసుకోవాలి.

మేష్టారి సమస్య అంతటితో తీరింది. పైసా ఖర్చు కాలేదు, కొత్త ప్రోగ్రామూ రాలేదు. కాని అందరి అవసరమూ ఇంతతో తీరదు. అంచేత మరి నాలుగు పేర్లు చెబుతాను.

‘ఎక్కడికి పోతోంది?’ అనేది మీ ప్రశ్న అయితే, టీసీపీ వ్యూ అనే చిన్న సాధనం వుంది. సిస్ఇంటర్నల్స్ అనే పేరుతో వచ్చిన సాధనాల్లో ఒకటి. ఆ సంస్థను 2006లో మైక్రోసాఫ్టు కొనేసింది. అంచేత ఇప్పుడు మైక్రోసాఫ్టు వారి దగ్గరే ఉచితంగా దొరుకుతుంది. స్థాపించుకునే పని కూడా లేదు. తెరిస్తే చాలు. ఏ ప్రోగ్రాము ఏ చిరునామాతో మాట్లాడుతోందో వరసగా చూపిస్తుంది. కొత్తగా మొదలైన కనెక్షను పచ్చగా, ముగిసిపోతున్నది ఎర్రగా మెరుస్తాయి. చూడగానే కంగారు పడకండి. ఒక్క పేజీ తెరిస్తేనే పది చిరునామాలు వస్తాయి. మీకు తెలియని పేరు కనబడినంత మాత్రాన అది దొంగ కాదు. పెద్ద పెద్ద సంస్థలు కూడా తమ సరుకును అద్దె గోదాముల్లోంచి పంపుతుంటాయి. అలాగే ‘ఎస్‌వీసీ హోస్ట్’ అనే పేరు పదిసార్లు కనబడుతుంది. అది విండోస్ తన సొంత పనులు చేసుకునే పేరు.

ఎప్పుడూ కళ్ళముందు ఒక బొమ్మ కనబడుతూ వుండాలనుకునేవారికి గ్లాస్‌వైర్ బాగుంటుంది. వాడకాన్ని గీతలుగా గీసి చూపిస్తుంది. ఏదైనా ప్రోగ్రాము మొదటిసారి ఇంటర్నెట్టు తలుపు తడితే వెంటనే చెబుతుంది. ఉచితంగా వచ్చే దానిలో కొన్ని సౌకర్యాలు తక్కువ. నెలవారీ కోటా లెక్క మాత్రమే కావాలి, కోటా దగ్గర పడితే హెచ్చరిస్తే చాలు అనుకునేవారికి నెట్‌వర్క్స్ అనే ప్రోగ్రాము వుంది. ఒకప్పుడు ఉచితంగా ఇచ్చేవారు, తరవాత దానికి వెల పెట్టారు.

మ్యాక్ వాడేవారికి ‘యాక్టివిటీ మానిటర్’లో నెట్‌వర్కు పుట ముందే వుంది. తమను అడగకుండా ఏదీ బయటికి పోకూడదనుకుంటే లూలూ అని ఉచితంగా ఒకటి, లిటిల్ స్నిచ్ అని వెలకు ఒకటి దొరుకుతాయి. లినక్స్ వాడే కుర్రవాళ్ళకు నెట్‌హాగ్స్, వీఎన్‌స్టాట్ అనేవి తెలిసే వుంటాయి.

ఎవరో ఒకరు మీకు వైర్‌షార్క్ పెట్టుకోమని సలహా చెబుతారు. 1998లో జెరాల్డ్ కూంబ్స్ అనే ఆయన ఎథీరియల్ అనే పేరుతో దాన్ని బయటికి తెచ్చాడు. 2006లో ఈ పేరొచ్చింది. నెట్‌వర్కు పని నేర్చుకునేవారికి అది వేదం. కాని ఇంట్లో డేటా ఎవరు తిన్నారో తెలుసుకోవడానికి దాన్ని తెచ్చుకోవటం, ఒంట్లో వేడి చూసుకోవడానికి థర్మామీటరు బదులు ఆస్పత్రిలోని ఎక్స్‌రే యంత్రం తెచ్చుకోవడం లాంటిది. నిమిషంలో వేల వరసలు తెర మీద పరిగెడతాయి. అందులో మనకు కావలసింది ఎక్కడుందో వెతుక్కునేసరికి తెల్లవారుతుంది.

ఎన్నుకునేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్ని. కంప్యూటర్లో ముందే వున్న సాధనంతో పని జరిగితే కొత్తది తేవద్దు. తెస్తే, తయారు చేసినవారి సొంత చోటి నుంచే తెచ్చుకోండి. ‘డౌన్‌లోడ్’ అని ఒకే పుటలో నాలుగు బొత్తాలు కనబడితే వెనక్కి వచ్చేయండి. మన లెక్కలు తన దగ్గరికి పంపించుకునే రకమా కాదా అన్నది ముందే చదువుకోండి. కాపలాకు పెట్టుకున్నవాడు ఇంటి సంగతులు వీధిలో చెప్పకూడదు కదా. ఒకేసారి రెండు మూడు పెట్టవద్దు. ఒకటి పెట్టి వారం చూడండి. అది చెప్పిన అంకె మీకు అర్థం కాకపోతే తీసేయండి.

ఈ మీటర్లు చేయలేనివి కూడా చెప్పాలి. ఒక కంప్యూటర్లో పెట్టిన మీటరు ఆ ఒక్క కంప్యూటరు లెక్కే చెబుతుంది. ఇంట్లో వున్న ఫోన్లు, టీవీ తాగే నీళ్ళు దానికి కనబడవు. ఫోనుకు ఫోనులోనే డేటా లెక్క వుంటుంది. అందులో హాట్‌స్పాట్ ద్వారా పోయింది విడిగా చూపిస్తుంది. ఇంటికి తీగె కనెక్షను వుంటే, రౌటరు సెట్టింగుల పుటలో అన్ని పరికరాల జాబితా చూడవచ్చు. ఇక రెండోది. ఇప్పుడు ఇంటర్నెట్టులో చాలామటుకు మాటలు సంకేత భాషలో మూతవేసి పోతాయి. మీటరుకు కవరు మీది చిరునామా, కవరు బరువు తెలుస్తాయి గాని లోపల ఏం రాశారో తెలియదు. మూడోది, ఇది వైరసుకు మందు కాదు. అనుమానం కలిగించగలదు, అంతే.

ఆ రాత్రి మేష్టారింట్లో జరిగింది మామ్మగారు నాకు తరవాత చెప్పారు. మనవరాలు వచ్చి అన్నానికి కూర్చుంది. మాట లేదు. ఆయన చెయ్యి కడుక్కోకుండా లేచి, వెనక గదిలో వున్న చుట్టాలను కూడా పిలిచారుట. నలుగురిలో అన్న మాట గనక నలుగురిలోనే దిద్దుకోవాలన్నది ఆయన పట్టుదల.

“అమ్మలూ, కుండలో నీళ్ళు తాగింది నువ్వు కాదు, నేను. లెక్క తప్పింది నాదే” అన్నారుట.

ఆ పిల్ల తలెత్తలేదుట. కాసేపటికి, “పెరుగు వేసుకో తాతయ్యా, అన్నం ఎండిపోతోంది” అందిట.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ డేటా లెక్క తెరిచి చూసే పని మనవరాలిది. పాల లెక్క రాసే పుస్తకంలోనే, వెనక పుటల్లో, ఏ ప్రోగ్రాము ఎంత వాడిందో రాసి పెడుతోంది. కింద మేష్టారు సంతకం చేస్తారు. పోయిన వారం బ్రౌజరు వాడకం కాస్త ఎక్కువే కనబడిందిట. ఆయన ఏమీ అడగలేదు. ఆ పిల్లే చెప్పింది, పరీక్షకు ఇంక పది రోజులే వుంది గనక పాఠాలు రెండేసి వింటున్నానని.